హార్డ్ డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు: ఫార్మాట్ కొట్టమంటున్నారు, లోపల పెళ్లి వీడియోలున్నాయి

నల్గొండ_ఫ్రేమ్స్

అందరికీ నమస్తే. నాది నల్గొండలో చిన్న ఫొటో స్టూడియో. సీజన్‌లో తీసిన ఫుటేజ్ అంతా ఒక 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో వేస్తాను. రెండో కాపీ ఎడిటర్ దగ్గర ఉండేది, పని అయిపోగానే ఆయన తీసేశాడు. ఇప్పుడు ఒక పెళ్లి ఫోల్డర్ కాపీ చేస్తుంటే స్పీడ్ సగంలో సున్నాకి పడిపోతోంది, కాసేపటికి మళ్లీ లేస్తోంది. ఒకట్రెండు క్లిప్‌ల దగ్గర 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అని ఎర్రర్ ఇచ్చి పూర్తిగా ఆగిపోతోంది.

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాను. పసుపు రంగులో 'కాషన్' అని ఉంది. కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ ఎదురుగా చివర్లో 18 కనిపిస్తోంది. రీఅలొకేటెడ్ మాత్రం సున్నా.

షాపులో చూపిస్తే 'లో లెవెల్ ఫార్మాట్ కొడితే బ్యాడ్ సెక్టార్లు పోతాయి, డేటా తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తీసుకోవచ్చు' అన్నారు. పెళ్లివాళ్లేమో ఇంకో కాపీ కావాలని ఫోన్ల మీద ఫోన్లు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

పాత_హార్డ్‌వేర్ (మహబూబ్‌నగర్)

ముందు ఆ డిస్క్ పీకి పక్కన పెట్టండి. ఫార్మాట్ వద్దు, చెక్‌డిస్క్ వద్దు, డీఫ్రాగ్ అసలే వద్దు.

ఫార్మాట్ చేశాక రికవరీ అన్నమాట ఎక్కడిదో నాకు అర్థం కాదు. విస్టా వచ్చినప్పటి నుంచి విండోస్‌లో ఫుల్ ఫార్మాట్ అంటే డిస్క్ మొత్తం సున్నాలు రాయడమే. షాపుల్లో 'లో లెవెల్' అని నడిపే టూల్స్ చేసేదీ అదే. సున్నాలు పడ్డ చోటు నుంచి ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ తీయలేదు. నిజమైన లో లెవెల్ ఫార్మాట్ ఫ్యాక్టరీలో జరుగుతుంది, మన కౌంటర్ మీద జరగదు.

రెండు విషయాలు చెప్పండి. టక్ టక్ అని శబ్దం వస్తోందా? ఎప్పుడైనా కింద పడిందా?

నల్గొండ_ఫ్రేమ్స్

శబ్దం ఏమీ లేదన్నా, పడలేదు కూడా. కానీ ఎండాకాలంలో కాపీ అవుతుండగా కరెంటు పోవడం మా దగ్గర మామూలే. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉంది గానీ బ్యాటరీ పేరుకే.

దేవరకొండ_డిజిటల్

అందరూ ఊరికే భయపెడుతున్నారు. నా 1 టీబీ డిస్క్‌లో ఇట్లనే పెండింగ్ వచ్చింది. రిపేర్ సాఫ్ట్‌వేర్ ఒక రాత్రి నడిపిస్తే పొద్దున్నకి సున్నా అయింది. ఆ తర్వాత ఏళ్లకేళ్లు వాడాను, ఇప్పటికీ పాటలు దాంట్లోనే ఉన్నాయి. బ్యాడ్ ఏరియా ఎక్కడుందో చూసి ఆ ముక్క వదిలేసి పార్టిషన్ చేసుకున్నా సరిపోతుంది.

సెక్టార్_జీరో (సొంతూరు జడ్చర్ల, పని హైదరాబాద్‌లో, స్టోరేజ్ ఫర్మ్‌వేర్)

@నల్గొండ_ఫ్రేమ్స్, ముందు ఒక చిన్న సవరణ. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ఆ చివరి కాలమ్‌ని మామూలుగా హెక్సాలో (16 చొప్పున లెక్కపెట్టే పద్ధతి) చూపిస్తుంది. మీరు చూసిన 18 అంటే మన లెక్కలో 24. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్‌కి వెళ్లి రా వాల్యూస్‌ని డెసిమల్‌కి మార్చుకోవచ్చు. ఇప్పుడొచ్చే డిస్క్‌లలో అసలు సెక్టార్ (డేటా రాసే అతి చిన్న గది) సైజు 4096 బైట్లు. బయటికి మాత్రం 512 చొప్పున ముక్కలుగా చూపిస్తాయి. అందుకే చాలా డ్రైవ్‌లలో ఈ లెక్క 8 చొప్పున పెరుగుతుంది. 24 అంటే 3 అసలు సెక్టార్లు, మొత్తం 12 కేబీ. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, ఇవి డ్రైవ్ ఇప్పటిదాకా చదవబోయి దెబ్బతిన్నవి మాత్రమే. మీరింకా ముట్టుకోని చోట్ల ఏముందో దానికీ తెలియదు.

ఇక పెండింగ్ అంటే ఏంటి. ప్రతి సెక్టార్‌లో డేటా పక్కనే తప్పులు దిద్దే కోడ్, అంటే ఈసీసీ, ఉంటుంది. చదివిన బిట్లలో కొన్ని తప్పు వస్తే దాంతోనే సరిచేస్తుంది. అది సరిచేయగలిగిన దానికంటే తప్పులు ఎక్కువైతే చదవడం ఫెయిల్. అప్పుడు డ్రైవ్ ఆ సెక్టార్‌ని వెంటనే మార్చేయదు, ఎందుకంటే లోపల మీ డేటా ఉంది. 'ఇది అనుమానాస్పదం' అని రాసుకుని ఊరుకుంటుంది. అదే 197వ నంబర్ సూచిక, క్రిస్టల్‌లో సీ5. మీరు ఆ చోట కొత్తగా ఏదైనా రాసినప్పుడే తేల్చుకుంటుంది. రాసింది సరిగ్గా చదవగలిగితే పెండింగ్ నుంచి కొట్టేస్తుంది. లేకపోతే స్పేర్ ఏరియాలో ఇంకో సెక్టార్ ఇచ్చి 5వ నంబర్ సూచికని, అంటే రీఅలొకేటెడ్‌ని, పెంచుతుంది.

ఇల్లు మారినా పాత డోర్ నంబర్‌కి వచ్చిన ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ కొత్తింటికే తెచ్చిస్తాడు కదా, అట్లా ఆ తర్వాత విండోస్ పాత నంబరే అడుగుతుంది, డ్రైవ్ లోపల్లోపల కొత్త చోటికి పంపిస్తుంది. ఈ జాబితాలు రెండు ఉంటాయి. ఫ్యాక్టరీలో పట్టుకున్న లోపాలది పీ-లిస్ట్, వాడుతుండగా పుట్టినవాటిది జీ-లిస్ట్.

మీకు కావాల్సిన ముక్క ఇది: రాస్తేనే తేలుతుంది అంటే, పెండింగ్‌ని 'రిపేర్' చేసే ప్రతి పద్ధతీ అక్కడున్న డేటా మీద ఏదో ఒకటి రాస్తుంది. అందుకే డేటా బయటికి రానంతవరకు దాని జోలికి వెళ్లొద్దు.

దేవరకొండ_డిజిటల్

మరి నా డిస్క్ ఎలా బతికింది?

సెక్టార్_జీరో

బతకొచ్చు. ఒక సెక్టార్ రాస్తుండగా కరెంటు పోతే డేటా సగం కొత్తది, ఈసీసీ పాతది అయి కూర్చుంటుంది. ప్లాటర్ (డేటా రాసే గుండ్రటి పళ్లెం) మీద ఆ చోటుకి ఏ దెబ్బా లేదు, కానీ చదవబోతే లెక్క కుదరదు. పెండింగ్‌లోకి వెళ్తుంది. మళ్లీ రాస్తే శుభ్రంగా రాయించుకుంటుంది. మీది అదే అయ్యుండాలి, సున్నా అయ్యాక 5వ నంబర్ పెరగలేదని నా ఊహ. ప్లాటర్ గీసుకుపోయిన కేసు వేరు. అక్కడ రాలిన పొడి, డేటా చదివే హెడ్‌కి తగిలి పక్క ట్రాకుల్ని కూడా తింటుంది, దాన్ని వదిలేసి పార్టిషన్ చేసినా హెడ్ ఆ మీదుగానే పోతుంది.

బయట నుంచి చూసి ఈ రెండింటినీ విడదీయలేం. గూగుల్ వాళ్లు 2007లో లక్షకు పైగా డిస్క్‌ల మీద ఒక పేపర్ వేశారు. స్కాన్‌లో మొదటి ఎర్రర్ కనిపించిన డిస్క్ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, ఎర్రర్ లేనిదానితో పోలిస్తే 39 రెట్లు. మొదటి రీఅలొకేషన్ తర్వాత అయితే 14 రెట్లు. అదే పేపర్‌లో ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు: పోయిన డిస్క్‌లలో 56 శాతానికి పైగా వాటిలో ముఖ్యమైన నాలుగు స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యం మీద తానే రాసుకునే లెక్క) సూచికలూ సున్నాగానే ఉన్నాయి. పసుపు రంగు వస్తే భయపడాలి, 'గుడ్' అనే నీలం రంగు ఉన్నంత మాత్రాన నిద్రపోకూడదు.

వనపర్తి_లైనక్స్

మా కాలేజీ ల్యాబ్‌లో ఇలాంటివి వస్తూనే ఉంటాయి. నేను చేసే పద్ధతి రాస్తున్నాను, కాపీ పెట్టుకోండి.

పెన్‌డ్రైవ్‌లో ఏదైనా లైనక్స్ లైవ్ వేసుకుని దాంట్లోంచి బూట్ అవ్వండి. టూల్ పేరు జీఎన్‌యూ డీడీరెస్క్యూ. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ పెడితే పాడైన చోటే కూర్చుని గీకుతుంది. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ ఒక్క సెక్టార్ కోసమే నిమిషం దాకా తంటాలు పడొచ్చు. డీడీరెస్క్యూ అలా కాదు. తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేస్తుంది, ఆగిన చోటు వదిలేసి ముందుకు దూకుతుంది, చివర్లో వెనక్కొచ్చి మిగిలినవాటిని గీకుతుంది. ఎంత వచ్చింది, ఎక్కడ రాలేదు అన్నది మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా అదే మ్యాప్ ఫైల్ ఇస్తే ఆగిన చోటు నుంచే మొదలు.

మొదటిసారి మైనస్ ఎన్ ఆప్షన్‌తో నడపండి, గీకే పని అప్పుడే చేయదు. అది పూర్తయ్యాక మైనస్ డీ, మైనస్ ఆర్3 పెట్టి రెండోసారి. వరుస మాత్రం జాగ్రత్త: ముందు పాత డిస్క్, తర్వాత కొత్తది, చివర మ్యాప్ ఫైల్. పాతదీ కొత్తదీ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ పెళ్లి మీద పడుతుంది. డిస్క్‌ల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి సైజులు చూసి, రెండుసార్లు చదువుకుని అప్పుడే ఎంటర్ నొక్కండి. పాత డిస్క్‌ని మౌంట్ చేయొద్దు, అంటే ఫైళ్లు చూడటానికి తెరవొద్దు. ఇమేజ్ ఫైల్‌గా (డిస్క్ మొత్తం నకలు ఒకే ఫైల్‌లో) తీస్తుంటే కొత్త డిస్క్ 4 టీబీ ఉంటే మంచిది, దాని మీద ఫ్యాట్32 పనికిరాదు, 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది.

టేబుల్ ఫ్యాన్ ఒకటి డిస్క్ మీదికి తిప్పి పెట్టండి. నవ్వకండి, ఎక్స్‌టర్నల్ డబ్బాలో గంటల తరబడి చదివితే పొయ్యిలా కాలుతుంది. ఒక పనికొచ్చే యూపీఎస్ ఎవరినైనా అడిగి తెచ్చుకోండి.

పాత_హార్డ్‌వేర్

దీనికి ఒకటి కలుపుతాను. డబ్బా విప్పి కంప్యూటర్ లోపలి సాటా పోర్టుకి నేరుగా తగిలిద్దాం అనుకోకండి, తొందరపడొద్దు. కొన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లలో యూఎస్‌బీ పోర్టు బోర్డు మీదే అతికించి ఉంటుంది, సాటా ఉండదు. ఇంకొన్నింట్లో ఆ యూఎస్‌బీ చిప్పే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. చిప్ తీసేసి చదివితే వచ్చేది చెత్త.

టక్ టక్ శబ్దం మొదలైతే మాత్రం ఆ క్షణమే ఆపండి. అక్కడి నుంచి అది క్లీన్ రూమ్ ఉన్నవాళ్ల పని. ఆ బిల్లు వేలల్లో ఉంటుంది, పెళ్లివాళ్లతో ముందే మాట్లాడుకోండి.

మిర్యాలగూడ_మిల్లు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది రైస్ మిల్లు. ఆఫీసులో డీవీఆర్, అందులో సీసీటీవీ కోసం అమ్మే హార్డ్ డిస్క్. కాటా దగ్గర మాత్రం మెమరీ కార్డు వేసే వైఫై కెమెరా పెట్టాం. డీవీఆర్ అప్పుడప్పుడు బీప్ కొడుతూ డిస్క్ ఎర్రర్ అంటుంది, రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. కార్డు సంగతే విచిత్రం. 32 జీబీది వేస్తాం, కొన్నాళ్లకి రికార్డింగ్ ఉండదు. కెమెరా మాత్రం అంతా బాగున్నట్టు పచ్చ లైటు చూపిస్తూనే ఉంటుంది. లారీ తూకం దగ్గర గొడవైతే తీసి చూస్తే ఏమీ లేదు. ఊక, దుమ్ము వల్లనా?

సెక్టార్_జీరో

దుమ్ము కాదు, లెక్క. కెమెరా 4 ఎంబీపీఎస్ (సెకనుకి 4 మెగాబిట్లు) మీద రికార్డు చేస్తోందనుకుందాం. సెకనుకి అర ఎంబీ. రోజుకి 86,400 సెకన్లు, అంటే సుమారు 43 జీబీ. 32 జీబీ కార్డు రోజు గడవకముందే పూర్తిగా నిండి మళ్లీ మొదటి నుంచి రాయించుకుంటుంది. ఏడాదికి దగ్గరదగ్గర 490 సార్లు. 128 జీబీ కార్డైతే మూడు రోజులకోసారి, ఏడాదికి 120 చిల్లర. ఇది కంట్రోలర్ తన లోపలి పనుల కోసం రాసుకునేది కలపకుండా.

కార్డుల్లో ఉండే ఫ్లాష్ చిప్‌లో రాయడం పేజీల చొప్పున, చెరపడం మాత్రం బ్లాక్ చొప్పున. ఒక బ్లాక్‌లో వందల పేజీలుంటాయి. చెరిపిన ప్రతిసారీ ఎలక్ట్రాన్లు సన్నటి ఆక్సైడ్ పొర గుండా బలవంతంగా వెళ్తాయి, పొర కొంచెం కొంచెం అరుగుతుంది. సెల్‌కి ఒక బిట్ పెట్టే ఎస్ఎల్‌సీ లక్షసార్ల దాకా తట్టుకునేది. మూడు బిట్లు పెట్టే టీఎల్‌సీ ఒకటి నుంచి మూడు వేలు. నాలుగు బిట్ల క్యూఎల్‌సీ ఇంకా తక్కువ. చవక కార్డులో ఏ రకం చిప్ ఉందో పెట్టె మీద రాయరు. సీసీటీవీ కోసం 'హై ఎండ్యూరెన్స్' అని విడిగా అమ్మే కార్డులు ఉన్నాయి, 128 జీబీది తీసుకోండి, తేడా మీకే కనిపిస్తుంది.

డీవీఆర్ మెనూలో స్మార్ట్ చూపిస్తుందేమో చూడండి. అందులో 199వ నంబర్, సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్, ఎంత ఉందో ఇక్కడ పెట్టండి.

సూర్యాపేట_టీచర్

నాకూ ఒక సందేహం. స్కూల్ క్వశ్చన్ పేపర్లు ఉన్న పెన్‌డ్రైవ్ ఉన్నట్టుండి 'రైట్ ప్రొటెక్టెడ్' అంటోంది. ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, కొత్తది సేవ్ కావట్లేదు, డిలీట్ కావట్లేదు. యూట్యూబ్‌లో చెప్పిన రిజిస్ట్రీ మార్పులు, డిస్క్‌పార్ట్ కమాండ్లు అన్నీ చేశాను. వైరస్ అంటున్నారు మా వాళ్లు.

సెక్టార్_జీరో

మేడం, పక్కన చిన్న లాక్ బటన్ లేకపోతే అది వైరస్ కాదు. లోపలి స్పేర్ బ్లాకులు అయిపోతే కొన్ని కంట్రోలర్లు 'ఇక రాయనివ్వను, చదువుకోండి' అని తమంతట తామే తాళం వేసుకుంటాయి. రిజిస్ట్రీతో తెరుచుకోదు. ఫైళ్లు కాపీ చేసుకుని ఆ డ్రైవ్ పక్కన పడేయండి. నిజానికి ఆ కంట్రోలర్ మీకు మేలు చేసింది, చాలా చవక డ్రైవ్‌లు ఈ మర్యాద కూడా పాటించవు.

ఎలాగూ మాట వచ్చింది, కొంచెం వివరంగా రాస్తాను. తీరిక లేనివాళ్లు దాటేయండి.

పెన్‌డ్రైవ్‌లు, కార్డులు, ఎస్ఎస్‌డీల్లో ఉండే నాండ్ ఫ్లాష్‌ని తోషిబాలో ఫుజియో మసుఓకా బృందం 1987లో బయటపెట్టింది. చవగ్గా, దట్టంగా చేయాలన్నదే దాని పుట్టుక, అందుకే కొన్ని బ్లాకులు పాడుగా ఉండటం మొదటి నుంచీ ఒప్పందంలో భాగం. నేను పని మొదలుపెట్టిన రోజుల్లో 1 గిగాబిట్ ఎస్ఎల్‌సీ చిప్ వాడేవాళ్లం. 1024 బ్లాకులు, డేటాషీట్‌లో కనీసం 1004 బాగుంటాయని మాత్రమే హామీ. అంటే 20 దాకా పాడైనా వాపసు అడగడానికి లేదు. మొదటి బ్లాక్ ఒక్కటి మాత్రం ఖాయంగా బాగుంటుంది, బూట్ కోడ్ కోసం. ఫ్యాక్టరీలో పట్టుకున్న పాడు బ్లాక్ మొదటి పేజీల పక్కనుండే స్పేర్ బైట్లలో ఎఫ్ఎఫ్ కాకుండా వేరే విలువ రాసి పంపుతారు. కొత్త చిప్ రాగానే మొదటి పని ఆ గుర్తులు చదివి పట్టిక రాసుకోవడం. చదవకుండా మొత్తం చెరిపేస్తే గుర్తులు కూడా పోవచ్చు, తర్వాత ఏది మంచిదో ఏది చెడ్డదో దేవుడికే తెలియాలి. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజు చెప్పే మాట ఇదే.

వాడుకలో పాడయ్యేవి వేరు. రాయడం ఫెయిలైతే లేదా చెరపడం ఫెయిలైతే చిప్ స్టేటస్‌లోనే చెప్తుంది. అప్పుడు ఆ బ్లాక్‌లో ఇంకా పనికొచ్చే పేజీల్ని స్పేర్ బ్లాక్‌లోకి తరలించి, పాతదాన్ని పాడు పట్టికలో వేస్తాం. చదవడంలో తప్పులు పెరిగితే మాత్రం వెంటనే పాడు ముద్ర వేయం. ఈసీసీ ఇంకా దిద్దగలుగుతున్నప్పుడే డేటా ఇంకోచోట రాసి, ఆ బ్లాక్ చెరిపి మళ్లీ చూస్తాం. పక్క పేజీల్ని మళ్లీ మళ్లీ చదవడం వల్ల కూడా బిట్లు చెదురుతాయి, దాన్ని రీడ్ డిస్టర్బ్ అంటారు, చెరిపితే పోతుంది.

రౌటర్లలో నేరుగా నాండ్ చిప్ ఉంటే ఇదంతా లైనక్స్ చూసుకుంటుంది. యూబీఐ అనే పొర ఉంది, 2007 నుంచి కెర్నల్‌లో. మామూలుగా ప్రతి 1024 బ్లాకులకీ 20 పక్కన పెట్టుకుంటుంది, పైన చెప్పిన లెక్కే. ఎస్ఎస్‌డీ, కార్డు, ఫోన్లలో బోర్డు మీదే అతికించి ఉండే ఈఎంఎంసీ అయితే కంట్రోలరే చూసుకుంటుంది. ఏ బ్లాక్ ఎన్నిసార్లు చెరిగిందో లెక్కపెట్టి అరుగుదలని అందరికీ సమానంగా పంచుతుంది.

ఇది చూసుకోకపోతే ఏమవుతుందో టెస్లా కథ చెప్తుంది. పాత మోడల్ ఎస్, ఎక్స్ కార్లలో టచ్ స్క్రీన్ వెనక 8 జీబీ ఈఎంఎంసీ ఉండేది. రోజూ రాసీ రాసీ అది అరిగిపోయింది. స్క్రీన్ పోతే రివర్స్ కెమెరా కూడా పోతుంది. 2021లో సుమారు 1,35,000 కార్లు వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. కారు నడుస్తోంది, ఒక చిన్న చిప్ నడవట్లేదు.

నల్గొండ_ఫ్రేమ్స్

డీడీరెస్క్యూ రెండో దఫా నడుస్తోంది. ఇంతలో ఒక ప్రశ్న. ఇక నుంచి అన్నీ ఎస్ఎస్‌డీలో వేసి బీరువాలో పెట్టేస్తే బాధ వదులుతుంది కదా? హెడ్ లేదు, ప్లాటర్ లేదు.

పాత_హార్డ్‌వేర్

బీరువా ఏ గదిలో ఉంది? రేకుల గదా?

నల్గొండ_ఫ్రేమ్స్

స్టూడియో పైన రేకుల గదే అన్నా. ఎలా కనిపెట్టారు?

పాత_హార్డ్‌వేర్

మనవాళ్లందరి స్టోర్ రూమూ అదే కదా.

సెక్టార్_జీరో

ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా పడి ఉన్నప్పుడు సెల్‌లోని చార్జ్ నెమ్మదిగా కారుతుంది. చిప్‌లకి ప్రమాణాలు పెట్టే సంస్థ జెడెక్ ప్రమాణం ప్రకారం మామూలు ఎస్ఎస్‌డీ, దాని రాత ఆయుష్షు మొత్తం వాడేశాక, 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాది డేటా నిలపాలి. సర్వర్లకి వాడేదైతే 40 డిగ్రీల దగ్గర 3 నెలలు. కొత్త డ్రైవ్ దీనికంటే చాలా ఎక్కువ నిలుపుతుంది, కాబట్టి హడలిపోవాల్సింది లేదు. కానీ వేడి పెరిగేకొద్దీ ఈ గడువు గబగబా తరుగుతుంది. మే నెలలో బయటే 44, 45 ఉంటే మీ రేకుల గది బీరువాలో ఎంతుంటుందో మీరే చెప్పండి. పని చేయడానికి ఎస్ఎస్‌డీ, దాచడానికి రెండు హార్డ్ డిస్క్‌లు, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో కింది అంతస్తులో. మూణ్నెల్లకోసారి తగిలించి చూడటం. నా సలహా ఇంతే.

ఎన్‌వీఎంఈ (కొత్త రకం వేగవంతమైన) ఎస్ఎస్‌డీ కొంటే చూడాల్సినవి వేరు. అవైలబుల్ స్పేర్ 100 నుంచి దిగుతుంటే స్పేర్ బ్లాకులు ఖర్చవుతున్నట్టు. మీడియా ఎర్రర్స్ సున్నా దాటితే దిద్దలేని తప్పు వచ్చినట్టు. పర్సెంటేజ్ యూజ్డ్ 100 దాటినా డ్రైవ్ ఆగిపోదు, హామీ ఇచ్చిన రాత అయిపోయిందని అర్థం. గూగుల్ డేటా సెంటర్ల ఎస్ఎస్‌డీల మీద 2016లో వచ్చిన పేపర్‌లో, మోడల్‌ని బట్టి 30 నుంచి 80 శాతం డ్రైవ్‌లలో వాడుతుండగా పాడు బ్లాకులు పుట్టాయి. అలాంటివాటిలో సగం దాకా రెండు నుంచి నాలుగు దగ్గరే ఆగాయి. ఆ గీత దాటిన వాటిలో వందల్లోకి వెళ్లింది. ఒకటి వచ్చిందని కాదు, ఆగిందా లేదా అన్నది చూడాలి.

నల్గొండ_ఫ్రేమ్స్

అయిపోయింది! మొత్తం 2 టీబీలో చదవలేనిది 68 కేబీ. క్రిస్టల్‌లో పెండింగ్ ఇప్పుడు 88 చూపిస్తోంది, డెసిమల్‌కి మారిస్తే 136. ఏయే ఫైళ్లు దెబ్బతిన్నాయో ఎలా తెలుసుకోవాలి? వేల క్లిప్‌లు కూర్చుని చూడలేను.

వనపర్తి_లైనక్స్

136ని 8తో భాగిస్తే 17, 17 నాలుగులు 68. లెక్క సరిపోయింది, అంటే డ్రైవ్ అబద్ధం చెప్పట్లేదు.

చూడక్కర్లేదు. డీడీరెస్క్యూలో ఫిల్ మోడ్ ఉంది. ఇమేజ్‌లో చదవలేని చోట్లన్నీ మీరిచ్చిన మాటతో నింపుతుంది. పెళ్లి వీడియోలో ఎక్కడా రాని మాట ఏదైనా ఇవ్వండి. తర్వాత ఇమేజ్ మౌంట్ చేసి ఆ మాట ఏ ఫైల్లో ఉందో గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో వెతకండి. దొరికినవే దెబ్బతిన్నవి. ఇమేజ్ ఇంకో కాపీ తీసుకుని దాని మీద చేయండి.

నల్గొండ_ఫ్రేమ్స్

మూడు దొరికాయి. ఒకటి బరాత్ క్లిప్, మధ్యలో అర సెకను పచ్చ గళ్లు వచ్చి పోతోంది. డీజే లైట్లలో ఎవరూ పట్టుకోలేరు. ఒక ఫొటో కింది సగం బూడిద రంగు, అది అప్పగింతల్లోది, పోయినట్టే. మూడోది అసలు తెరుచుకోవట్లేదు, సైజు మాత్రం సరిగ్గా ఉంది. పేరు చూస్తే జీలకర్ర బెల్లం టైముది. చెమట్లు పడుతున్నాయి.

వనపర్తి_లైనక్స్

ఎంపీ4లో మూవ్ అనే భాగం ఉంటుంది, ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టిక. చాలా కెమెరాలు దాన్ని ఫైల్ చివర్లో రాస్తాయి. అది పోతే వీడియో అంతా లోపలే ఉన్నా ప్లేయర్‌కి దారి తెలియదు. అన్‌ట్రంక్ అనే టూల్ దించుకోండి. అదే కెమెరాతో, అదే సెట్టింగ్స్‌తో తీసిన మంచి క్లిప్ ఒకటి నమూనాగా ఇస్తే పట్టిక మళ్లీ కడుతుంది.

నల్గొండ_ఫ్రేమ్స్

వచ్చింది అన్నా!! ఆడియో చివర్లో కాస్త జరిగింది, ఎడిటింగ్‌లో సర్దుకుంటా. మీరు నల్గొండ వస్తే క్లాక్ టవర్ దగ్గర చాయ్ నాది.

దేవరకొండ_డిజిటల్

డేటా బయటపడింది కదా, ఇప్పుడైనా నా పద్ధతి ట్రై చేయండి. డిస్క్ బాగవుతుందో లేదో చూద్దాం.

సెక్టార్_జీరో

ఇప్పుడు చేయొచ్చు, నాకూ చూడాలనుంది. మొత్తం సున్నాలు రాయండి, ముందూ తర్వాతా 5, 197 రెండూ పెట్టండి. తర్వాత ఇంకోసారి మొత్తం చదివించండి.

నల్గొండ_ఫ్రేమ్స్

సున్నాలు రాశాక పెండింగ్ సున్నా. రీఅలొకేటెడ్ 112. మళ్లీ మొత్తం చదివిస్తే చివర్లో కొత్తగా పెండింగ్ 16 వచ్చింది.

సెక్టార్_జీరో

136లో 24 ఊరికే రాయించుకున్నాయి, అవి మీ కరెంటు కోతల పుణ్యం కావచ్చు. మిగతా 112, అంటే 14 సెక్టార్లు, నిజంగానే పాడు. ఇప్పుడు కొత్తవి పుడుతున్నాయంటే ఆగలేదన్నమాట. దీంట్లో పాటలు కూడా వేయొద్దు.

దేవరకొండ_డిజిటల్

సరే, దీని కేసు వేరు. నాది మాత్రం ఇంకా నడుస్తోంది 🙂

సూర్యాపేట_టీచర్

షాపువాళ్లు పాత డిస్క్‌లు ఎక్స్చేంజ్ తీసుకుంటున్నారట. ఇచ్చేయొచ్చా?

పాత_హార్డ్‌వేర్

దాన్ని ఇంకొకరికి అంటగట్టడం బాగుండదు. పైగా స్పేర్‌కి మారిపోయిన పాత సెక్టార్లకి మీరు రాసే సున్నాలు చేరవు. అడ్రస్ కొత్త చోటికి వెళ్తుంది, పాత ముక్క అక్కడే ఉండిపోతుంది. పెళ్లి వీడియోలో 4 కేబీ ముక్కతో ఎవడూ ఏం చేసుకోలేడు. మీసేవ సెంటర్‌లో ఆధార్ స్కాన్లు దాచిన డిస్క్ అయితే నేను ప్లాటర్‌కి డ్రిల్ వేసి ఇస్తాను, వాళ్లు చూస్తుండగానే.

మిర్యాలగూడ_మిల్లు

ఆలస్యమైంది, కోతల సీజన్. డీవీఆర్‌లో చూశాను. 5 సున్నా, 197 సున్నా, 199 మాత్రం 3,412.

సెక్టార్_జీరో

డిస్క్ బాగానే ఉంది. 199 అంటే డిస్క్‌కీ బోర్డుకీ మధ్య దారిలో తప్పులు. సాటా కేబుల్ మార్చండి. ఆ అంకె తగ్గదు, కానీ పెరగడం ఆగాలి.

మిర్యాలగూడ_మిల్లు

మార్చాం. పాత కేబుల్ కొనని ఎలుక కొరికింది. వారం నుంచి 3,412 దగ్గరే ఉంది, బీప్ లేదు. కాటా కెమెరాకి 128 జీబీ ఎండ్యూరెన్స్ కార్డు ఆర్డర్ పెట్టాం.